రాక్షసగుళ్లకు రక్షణ ఎక్కడ మొదలవ్వాలి? యునెస్కో జాబితా, చట్టం, సర్వే నంబరు

నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్ నిలువురాళ్లు 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అప్పటి నుంచి తెలుగు వార్తల్లో పెద్దరాతి సమాధులు, వాటికి జనం పెట్టుకున్న రాక్షసగుళ్లు, పాండవగుళ్లు అన్న మాటలు తరచుగా కనిపిస్తున్నాయి. వాటితోపాటు కొంత అయోమయం కూడా మొదలైంది. ముడుమాల్‌కు ప్రపంచ వారసత్వ హోదా వచ్చేసిందని కొందరు రాస్తున్నారు. జాబితాలో చేరింది కాబట్టి ఇక ఎవరూ ఆ రాళ్లను ముట్టుకోలేరని ఇంకొందరు అనుకుంటున్నారు. ఈ రెండూ నిజం కావు. ముడుమాల్ సంగతి పక్కన పెట్టినా, ఏ జాబితాలోనూ లేని సమాధులు తెలుగు రాష్ట్రాల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి పరిస్థితి ఏమిటన్నది అసలు ప్రశ్న.

క్లుప్తంగా

తాత్కాలిక జాబితా అంటే నామినేషన్‌కు అర్హత మాత్రమే. దానికి చట్టబద్ధమైన రక్షణ బలం లేదు. సమాధులను కాపాడే మాట మన చట్టంలో 1904 నుంచే ఉంది. అయినా పొలాల్లోని సమాధులు పోతూనే ఉన్నాయి, ఎందుకంటే అవి భూమి రికార్డులోకి ఎక్కలేదు. చట్టం ఒక్కో కట్టడాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. సమాధులేమో పదుల ఎకరాల్లో, పదుల పట్టాల్లో చెదిరి ఉంటాయి. రెండు రాష్ట్రాల్లో భూముల కొలతలు కొత్తగా జరుగుతున్న ఈ సమయం ఆ తేడాను సరిదిద్దడానికి మంచి అవకాశం.

తాత్కాలిక జాబితా ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

ఏ దేశమైనా ఒక స్థలాన్ని ప్రపంచ వారసత్వ హోదా కోసం పంపాలంటే, కనీసం ఏడాది ముందు దాన్ని తన తాత్కాలిక జాబితాలో చేర్చాలి. ఆ జాబితా తయారుచేసేది ఆ దేశమే. యునెస్కో దాన్ని నమోదు చేసుకుంటుంది, అంతే. విలువ తేల్చే పరిశీలన ఆ తర్వాత జరుగుతుంది. భారత్ నుంచి 2025 మార్చిలో ఒకేసారి ఆరు స్థలాలు చేరడంతో మన తాత్కాలిక జాబితా 62కు పెరిగింది. ఒక దేశం నుంచి ఏడాదికి ఒక్క నామినేషన్‌నే పరిశీలనకు తీసుకుంటారు. అంటే ముడుమాల్ ముందు పొడవాటి క్యూ ఉంది. కర్ణాటక కొప్పళ జిల్లాలోని హిరేబెణకల్, సుమారు 400 పెద్దరాతి కట్టడాలున్న చోటు, 2021 నుంచి ఇదే జాబితాలో వేచి ఉంది. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ రామప్ప. కాకతీయ కట్టడాలు తాత్కాలిక జాబితాలోకి వెళ్లింది 2014లో, రామప్పకు హోదా వచ్చింది 2021 జూలైలో.

ఈ మధ్యకాలంలో ఆ రాళ్లకు రక్షణ కల్పించాల్సింది మన చట్టాలే. పైగా నామినేషన్ పత్రం రాయడానికి కచ్చితమైన సరిహద్దుల మ్యాపు, చుట్టూ రక్షణ వలయం, నిర్వహణ ప్రణాళిక కావాలి. ఇవి ఢిల్లీలోనో పారిస్‌లోనో తయారయ్యేవి కావు. మండల సర్వేయర్ దగ్గర మొదలయ్యే పని ఇది.

2024 జూలైలో అస్సాంలోని అహోం రాజుల మొయిదాములకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అవి ఇటుక, రాయి, మట్టితో కట్టిన సమాధి దిబ్బలు. భారత్‌కు అది 43వ స్థలం. అయితే మొయిదాములు 13వ శతాబ్దం తర్వాతివి, రాజవంశానికి చెందినవి, చరాయిదేవ్‌లో ఒకచోట గుంపుగా ఉన్నవి. వాటి చరిత్ర రాతప్రతుల్లో ఉంది, వారసులమని చెప్పుకునే సమాజం ఉంది. మన రాక్షసగుళ్లకు ఇవేవీ లేవు. రాత పుట్టకముందు బతికిన మనుషుల సమాధులవి. పేర్లు తెలియవు, వారసులమంటూ ముందుకొచ్చేవారు లేరు. వాటిని కాపాడటం మొయిదాములను కాపాడటం కంటే కష్టం కావడానికి ముఖ్య కారణం ఇదే.

రాళ్ల కింద ఏముంది

దక్షిణ భారతంలో పెద్దరాతి సమాధులు ప్రధానంగా ఇనుపయుగానికి చెందినవి. సుమారు క్రీ.పూ. 1200 నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా అని పుస్తకాల్లో చాలాకాలంగా ఉన్న లెక్క. ఈ లెక్క ఇప్పుడు కదులుతోంది. తూత్తుకుడి జిల్లా శివగళైలో దొరికిన నమూనాలను బట్టి ఇనుము వాడకం క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది దాకా వెళ్తుందని తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. దీనిపై పరిశోధకుల్లో చర్చ నడుస్తోంది. ముడుమాల్ రాళ్ల వయసును 3500 నుంచి 4000 ఏళ్లుగా చెబుతున్నారు.

రూపాలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. అక్కడ దొరికే రాయే రూపాన్ని చాలావరకు నిర్ణయించింది. సిద్దిపేట, యాదాద్రి, రంగారెడ్డి వైపు నల్లరాతి ప్రాంతం కాబట్టి గుండ్లను వలయంగా పేర్చి, మధ్యలో భూమిలోపల రాతిపెట్టె కట్టారు. ములుగు, భద్రాద్రి జిల్లాల్లో గోదావరి పక్కన ఇసుకరాయి పలకలుగా చీలుతుంది. అందుకే మల్లూరు, దామరవాయి, దొంగతోగు, జానంపేట వైపు భూమిపైనే గూళ్లలాగా నిలిచిన సమాధులు కనిపిస్తాయి. ఆ ప్రాంతంలోని శిలువ ఆకారపు రాళ్లు 19వ శతాబ్దంలోనే తెల్లదొరల సర్వే అధికారులను ఆశ్చర్యపరిచాయి. చిత్తూరు జిల్లాలో పాండవగుళ్లు, కృష్ణా లోయలో నాగార్జునకొండ, ఏలేశ్వరం, కర్నూలు వైపు శాతనికోట, ఇలా రెండు రాష్ట్రాల్లోనూ పెద్దరాతి సమాధులు విస్తరించి ఉన్నాయి. ముడుమాల్‌లో 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు సుమారు 80 ఉన్నాయి. వాటి మధ్య, చుట్టూ వరుసలు తీర్చిన చిన్న రాళ్లు చాలా ఎక్కువ. నిలువురాయి ఉన్న ప్రతిచోటా కింద సమాధి ఉంటుందని అనుకోకూడదు. కొన్ని వరుసలకు సూర్యోదయ, సూర్యాస్తమయ దిక్కులతో సంబంధం ఉందని పరిశోధకులు చెబుతున్నారు.

రాతిపెట్టె సమాధి నిర్మాణం గమనించదగ్గది. గొయ్యి తవ్వి, నాలుగు పెద్ద పలకలను నిలబెడతారు. ప్రతి పలక పక్కదానికి ఆనుకుని కొంచెం బయటికి పొడుచుకొస్తుంది. పైనుంచి చూస్తే స్వస్తిక్ గుర్తులా ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టి ఎంత ఒత్తినా పలకలు లోపలికి పడకుండా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చాలావాటిలో ఒక పలకకు గుండ్రటి రంధ్రం చేశారు. పైన మూతబండ, దానిపై రాళ్లూ మట్టీ కలిపిన కుప్ప, చుట్టూ గుండ్ల వలయం. మూతబండ బరువు చిన్నది కాదు. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వకం చేసినప్పుడు 40 టన్నులకు పైబడిన మూతబండను భారీ క్రేన్లతో లేపాల్సి వచ్చింది. క్రేన్ లేని కాలంలో దాన్ని అక్కడికి చేర్చిన సమాజానికి పని పంచుకునే పద్ధతి, తిండి నిల్వలు, నాయకత్వం ఉండి తీరాలి. ఆ ఊళ్ల ఇళ్లు మట్టిలో కలిసిపోయాయి. ఆ సమాజం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం సమాధుల నుంచే వచ్చింది.

లోపల దొరికేవి ఎక్కువగా కుండలు. వాటిలో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్నవి ప్రత్యేకం. బట్టీలో కుండను బోర్లించి కాల్చితే లోపలికి గాలి అందక నల్లబడుతుంది, బయటి భాగం ఎర్రగా కాలుతుంది. ఇనుప కత్తులు, బాకులు, కొడవళ్లు, గొడ్డళ్లు, కొన్నిచోట్ల గుర్రపు కళ్లెం ముక్కలు, ఎర్రటి కార్నీలియన్ రాతి పూసలు ఉంటాయి. ఎముకలు చాలాసార్లు పూర్తి అస్థిపంజరంగా ఉండవు. శవాన్ని ముందు వేరేచోట ఉంచి, తర్వాత కొన్ని ఎముకలను ఏరి సమాధిలో పెట్టడం అప్పటి పద్ధతుల్లో ఒకటి.

ఇక్కడే రక్షణకు సంబంధించిన అసలు విషయం ఉంది. సమాధి విలువ దానిలోని వస్తువుల్లో లేదు, అవి ఉన్న తీరులో ఉంది. కత్తి ఎముకల ఏ పక్కన ఉంది, కుండ ఏ మట్టిపొరలో ఉంది, ఆ పొరలో బొగ్గు ముక్క ఉందా, రంధ్రం ఏ దిక్కుకు ఉంది అన్నవి కలిస్తేనే చరిత్ర తెలుస్తుంది. జేసీబీ ఒక్కసారి తిరగేశాక అదే కత్తిని మ్యూజియంలో పెట్టినా అది తుప్పుపట్టిన ఇనుప ముక్కగానే మిగులుతుంది. డీఎన్‌ఏ పరిశోధన వచ్చాక చెదరని సమాధి అవసరం ఇంకా పెరిగింది. మన వేడికి పాత ఎముకల్లో డీఎన్‌ఏ నిలవడం చాలా అరుదు. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే ఒక్కదాంట్లోనే పనికొచ్చే డీఎన్‌ఏ దొరికిందని 2019లో వచ్చిన పరిశోధన పత్రం చెప్పింది. ఒక ఫలితం రావాలంటే ఎన్నో చెదరని సమాధులు మిగిలి ఉండాలి.

ఎలా పోతున్నాయి

సమాధులను నాశనం చేసేది ఏదో ఒక్క శత్రువు కాదు. చాలాచోట్ల ఇది అంచెలంచెలుగా జరుగుతుంది. మొదట వలయంలోని గుండ్లు పోతాయి. పొలం చదును చేసేటప్పుడు అడ్డమని గట్టుకు దొర్లిస్తారు. లేదా కంచెకు, బావి ఒరకు, ఇంటి పునాదికి వాడుకుంటారు. వలయం పోయాక మిగిలింది చిన్న దిబ్బ. అది రాళ్లకుప్పలా కనిపిస్తుంది కాబట్టి తర్వాతి వేసవిలో దాన్నీ తీసేస్తారు. ఆపై మూతబండ నాగలికి తగులుతుంది. దాన్ని పగలగొడతారు, లేదంటే లాగి పడేస్తారు. ఏ దశలోనూ తప్పు చేస్తున్నామన్న ఆలోచన ఆ రైతుకు రాదు. ఆ రాళ్లు సమాధి అని, అది చట్టం కిందికి వస్తుందని ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ వచ్చి చెప్పలేదు.

రెండోది రాయి వ్యాపారం. ఇనుపయుగం మనుషులు ఏ గుట్టల నుంచి పలకలు తీశారో, అవే గుట్టలు ఇప్పుడు క్వారీలకూ క్రషర్లకూ కావాలి. కాబట్టి సమాధుల గుంపూ క్వారీ లీజూ ఒకే చోట పడటం యాదృచ్ఛికం కాదు. మూడోది గుప్తనిధుల పిచ్చి. రాక్షసగుళ్ల కింద బంగారం ఉంటుందని రాత్రిపూట తవ్వేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ సమాధుల్లో ఉండేవి ప్రధానంగా మట్టికుండలు, ఇనుము, పూసలు. బంగారం కనిపించడం చాలా అరుదు, కనిపించినా చిన్న చిన్న ముక్కలే. నిధి కోసం తవ్వినవారికి ఏమీ దొరకదు, ఆ తవ్వకంతో సమాధి మాత్రం శాశ్వతంగా పోతుంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువైనది ఏది భూమిలో దొరికినా కలెక్టర్‌కు తెలపాలి.

నాలుగోది నగరం. వందేళ్ల కిందట డాక్టర్ ఇ.హెచ్. హంట్ హైదరాబాద్ పక్కన మౌలాలీలోనూ, భువనగిరి దగ్గర రాయగిరిలోనూ సమాధులను తవ్వి, 1916లో వివరాలు ప్రచురించారు. అప్పటికి మౌలాలీ ఊరి బయట ఉండేది. ఇప్పుడు బోయిన్‌పల్లి పక్కన హష్మత్‌పేటలో మిగిలిన సమాధులు ఇళ్ల మధ్య ఇరుక్కుపోయాయి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో మాత్రం కొన్ని నిలిచాయి, అక్కడ తవ్వకాలు కూడా జరిగాయి. తేడాకు కారణం స్పష్టంగానే ఉంది. విశ్వవిద్యాలయానికి ఒకే యజమాని, చుట్టూ గోడ, లోపల ఆ రాళ్లేమిటో తెలిసిన పరిశోధకులు ఉన్నారు.

జలాశయాలు ఐదోది. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండలో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. నీళ్లు రాకముందే ఎన్నో కట్టడాలను గట్టుమీదికి తరలించారు. వాటిలో పెద్దరాతి సమాధి కూడా ఉంది. రాళ్లను కాపాడగలిగారు, కానీ ఆ సమాధులు ఉన్న నేలను కాపాడలేకపోయారు. అయినా అప్పుడు నీళ్లు రావడానికి ముందు ఆరేళ్లు సమయం తీసుకుని రికార్డు చేశారన్నది మరచిపోకూడదు. ఇవాళ ఒక లేఅవుట్‌కు అలాంటి సమయం ఎవరూ ఇవ్వరు.

చట్టంలో ఉంది, పొలంలో లేదు

సమాధుల గురించి చట్టం మౌనంగా ఉందన్న వాదన సరైనది కాదు. వైస్రాయ్ కర్జన్ కాలంలో వచ్చిన 1904 చట్టంలోనే ప్రాచీన కట్టడం అన్న నిర్వచనంలో సమాధి దిబ్బలు, శవాలు పూడ్చిన చోట్లు ఉన్నాయి. 1958 కేంద్ర చట్టం అదే నిర్వచనాన్ని కొనసాగించింది. కనీసం 100 ఏళ్ల వయసు ఉంటే చాలు. రాష్ట్రాల వరకు చూస్తే ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టం ఉంది. తెలంగాణ 2017లో సొంత వారసత్వ చట్టం చేసుకుంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాన్ని ధ్వంసం చేస్తే 2010 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

అయితే ఇదంతా నోటిఫికేషన్ వచ్చాకే. నోటిఫికేషన్ రావాలంటే ఫలానా ఊరిలో, ఫలానా సర్వే నంబరులో, ఫలానా హద్దుల మధ్య అని గెజిట్‌లో రాయాలి. అభ్యంతరాలకు రెండు నెలలు గడువివ్వాలి. గుడి అయితే ఇది సులువు. ఒక ప్రాకారం, ఒక సర్వే నంబరు, ఒక పూజారి, ఊరంతటికీ తెలిసిన పేరు. సమాధుల గుంపు అలా ఉండదు. 50 ఎకరాల్లో చెదిరి, రెండు మూడు ఊళ్ల శివారుల్లో, పదుల పట్టాల్లో ఉంటుంది. కొన్ని పట్టా భూమిలో, కొన్ని ప్రభుత్వ భూమిలో, కొన్ని బంచరాయిలో, ఒకటి రెండు బాట మధ్యలో. ఇన్ని హద్దులు గీయడానికి సిబ్బంది ఉండరు, ఇందరు రైతుల అభ్యంతరాలు వినడానికి ఓపిక ఉండదు. ఫలితంగా గుళ్లూ కోటలూ జాబితాలోకి వస్తాయి, సమాధులు బయటే ఉండిపోతాయి.

2010 సవరణ ఈ చిక్కును ఇంకా పెంచింది. కేంద్ర రక్షణలోని స్థలం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిర్మాణం పూర్తిగా నిషేధం, ఆపై ఇంకో 200 మీటర్ల దాకా అనుమతితోనే కట్టాలి. లెక్క వేసి చూస్తే, ఒక్క సమాధిని చిన్న చుక్కగా తీసుకున్నా నిషేధ వలయం సుమారు ఏడున్నర ఎకరాలు దాటుతుంది, మొత్తం వలయం 70 ఎకరాల దాకా పోతుంది. చార్మినార్ లాంటి ఒక్క కట్టడం విషయంలో ఈ కొలతకు అర్థం ఉంది. పొలమంతా చెదిరిన వంద సమాధులకు ఇదే కొలత పెడితే రెండు మూడు ఊళ్లు మొత్తం నియంత్రణలోకి పోతాయి. ఆ భయంతో నోటిఫికేషన్ మాట ఎత్తగానే ఊళ్లో వ్యతిరేకత మొదలవుతుంది. కొందరు ఆ లోపే రాళ్లు తీసేస్తారు. కాపాడటానికి తెచ్చిన నియమమే తొందరగా నాశనం కావడానికి కారణమవుతోంది. ఇది చట్టం తీసేయాలనడానికి వాదన కాదు. చెదిరిన స్థలాలకు వేరే కొలత కావాలన్న అవసరాన్ని ఇది చూపిస్తుంది.

ఇదే చట్టంలో రైతుకు అనుకూలమైన సంగతి ఒకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. 19వ సెక్షన్ ప్రకారం రక్షిత ప్రాంతంలో అడుగు లోతు మించకుండా దున్ని వ్యవసాయం చేసుకోవచ్చు. రైతు నష్టపోతే పరిహారం అడిగే వీలు కూడా చట్టంలోనే ఉంది. యజమానితో ఒప్పందం చేసుకునే మార్గమూ ఉంది. అంటే నోటిఫికేషన్ వస్తే పొలం పోతుందన్నది అపోహ. మామూలు దుక్కి సమాధిని దాదాపు ఏమీ చేయదు. దెబ్బతీసేవి లోతు దుక్కి, చదును, తవ్వకం. ఈ సంగతి ఊళ్లో తెలుగులో, తహసీల్దారు సమక్షంలో ఒక్కసారి విడమరిచి చెబితే సగం వ్యతిరేకత తగ్గుతుంది.

బయటి దేశాల్లో జరిగింది

సమాధుల విషయంలో బహ్రెయిన్ అనుభవం మనకు చాలా దగ్గర. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి దిల్మున్ నాగరికత అక్కడ వేల సంఖ్యలో సమాధి దిబ్బలు వదిలివెళ్లింది. 1980ల్లో హమద్ టౌన్ కట్టేటప్పుడు వాటిలో చాలా దిబ్బలను తవ్వి రికార్డు చేసి తీసేశారు. మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసే ఆ దీవిలో కొత్త కాలనీల పక్కనే ఇప్పటికీ దిబ్బలు కనిపిస్తాయి. ఆలీ పట్టణంలో కుమ్మరి బట్టీల మధ్య రాజుల దిబ్బలున్నాయి. 2019లో బహ్రెయిన్ ప్రపంచ వారసత్వ హోదా తెచ్చుకుంది. అందులో ఒక్క స్థలమో ఒక్క దిబ్బో కాకుండా 21 చోట్ల ఉన్న 11,774 దిబ్బలు ఒకే ఆస్తిగా చేరాయి. చెదిరి ఉండటాన్ని అడ్డంకిగా చూడకుండా, ఒక్కో దిబ్బనూ లెక్కపెట్టి మ్యాపుపై పెట్టడం వల్లనే అది సాధ్యమైంది. అప్పటికే పోయినవి మాత్రం తిరిగిరాలేదు. ఆ లెక్క ఇంకా ముందే జరిగి ఉంటే ఇంకెన్నో మిగిలేవి.

దక్షిణ కొరియాలో గోచాంగ్, హ్వసూన్, గంగ్వా ప్రాంతాల్లోని రాతి సమాధి గూళ్లకు 2000లోనే హోదా వచ్చింది. అంత అనుభవం ఉన్న దేశంలో కూడా 2022లో గిమ్హే నగరంలో పెద్ద పొరపాటు జరిగింది. 350 టన్నుల మూతబండతో ప్రపంచంలోనే పెద్దదని చెప్పే గూడు చుట్టూ పార్కులా తీర్చిదిద్దాలని నగరపాలక సంస్థ పని పెట్టింది. చట్టప్రకారం తీసుకోవాల్సిన అనుమతి లేకుండానే కింద పరిచిన ప్రాచీన రాళ్లను తీసి, కడిగి, మళ్లీ పేర్చారు. దాంతో మట్టిపొరలు చెదిరాయి. అక్కడ దుర్బుద్ధి ఏమీ లేదు, అందంగా చేయాలన్న తాపత్రయం మాత్రమే ఉంది. ప్రాచీన స్థలం అనగానే సిమెంటు గద్దె, టైల్సు, రంగులు, లైట్లు అన్న ఆలోచన మన దగ్గర కూడా బలంగా ఉంది. ముడుమాల్‌కు పర్యాటకులు పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. రాయి చుట్టూ రెండడుగుల గొయ్యి తీసి కాంక్రీటు పోస్తే రాయి నిలుస్తుంది, దాని కాలం చెప్పే మట్టి పోతుంది.

ఫ్రాన్స్‌లోని కార్నాక్ నిలువురాళ్లది ఇంకో రకం పాఠం. 2023లో అక్కడ ఒక దుకాణం నిర్మాణంలో 39 చిన్న నిలువురాళ్లను తొలగించారని బయటపడి గొడవైంది. అవి నిజంగా ప్రాచీన నిలువురాళ్లేనా అని అధికారులు సందేహం వ్యక్తం చేశారు. ఆ వివాదం ఎలా తేలినా ఒకటి స్పష్టం. భవన అనుమతి ఇచ్చే చోటికి పురావస్తు సమాచారం సరైన రూపంలో చేరలేదు. రెండేళ్ల తర్వాత, 2025 జూలైలో కార్నాక్ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

అడవి, అమ్మవారు

చట్టం కంటే ముందు నుంచీ సమాధులను కాపాడినవి రెండున్నాయి. ఒకటి అడవి. ములుగు, భద్రాద్రి వైపు గూళ్లు ఇంత పెద్ద సంఖ్యలో మిగలడానికి ప్రధాన కారణం అక్కడికి ట్రాక్టరు పోకపోవడమే. అటవీ చట్టాలు ఇంకో పనికోసం వచ్చినా సమాధులకూ కాపలా కాశాయి. వేర్లు పెరిగి పలకలను జరపడం, పశువుల తొక్కిడి లాంటివి ఉన్నా, అవి జేసీబీ అంత వేగంగా నాశనం చేయవు. అడవి అంచుల్లో సాగు పెరిగిన చోట మాత్రం తేడా కళ్లకు కనిపిస్తుంది. అక్కడి ఆదివాసీ గూడేల వారికి ఏ గూడు ఎక్కడ ఉందో ఏ శాఖ కంటే బాగా తెలుసు. ఆ జ్ఞానాన్ని జాబితా పనిలో వాడుకోకపోతే ఆ జాబితా సగమే అవుతుంది.

రెండోది భక్తి. ముడుమాల్‌లో ఒక నిలువురాయిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. పసుపు కుంకుమ పెట్టిన రాయిని ఎవరూ పెకలించరు. పురావస్తు శాఖ అక్కడ అడుగుపెట్టకముందు తరాల పాటు ఆ రాళ్లు నిలబడటంలో ఈ నమ్మకం పాత్ర ఉంది. ఇప్పుడు శాఖ వచ్చి పూజలు ఆపమంటే ఊరితో ఉన్న ఆ బంధం తెగుతుంది. అలాగని రాయిచుట్టూ గుడి కడతామంటే స్థలం రూపం మారిపోతుంది. పూజ కొనసాగాలి, కొత్త కట్టడం రాకూడదు అన్న మధ్యేమార్గాన్ని ఊరి పెద్దలతో కూర్చుని రాతపూర్వకంగా ఒప్పుకోవడమే పనికొచ్చే దారి.

రీసర్వే ఇచ్చే అవకాశం

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి డ్రోన్లతో భూముల రీసర్వే మొదలైంది. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం భూమి పటాలకు ప్రాధాన్యం ఇచ్చింది. ఇంత పెద్ద కొలతలు ఒక తరంలో మళ్లీ జరగవు. సర్వేయర్ ప్రతి గట్టు మీదికీ, ప్రతి బండ దగ్గరికీ వెళ్తాడు. పురావస్తు శాఖ తన కొద్దిపాటి సిబ్బందితో ఎప్పటికీ చేయలేని పని ఇది.

సర్వేయర్‌కు కావాల్సింది పురావస్తు డిగ్రీ కాదు, ఒక పూట శిక్షణ. గుండ్లు వలయంగా ఉన్నాయా, వలయం మధ్య కొంచెం ఉబ్బు ఉందా, భూమిలోంచి పలక అంచులు నాలుగు వైపులా కనిపిస్తున్నాయా, దుక్కిలో నలుపు ఎరుపు పెంకులు తేలుతున్నాయా. ఈ నాలుగు గుర్తులు తెలిస్తే చాలావరకు పట్టుకోవచ్చు. డ్రోన్ చిత్రాల్లో వలయాలు పైనుంచి ఇంకా బాగా కనిపిస్తాయి. కనిపించిన ప్రతిదాన్నీ మ్యాపుపై చుక్కగా పెట్టి, ఆ సర్వే నంబరు పక్కన ఒక మాట రాస్తే సరిపోతుంది. ఇది నోటిఫికేషన్ కాదు, రైతు హక్కు ఏమీ మారదు. కానీ ఆ నంబరుపై క్వారీ లీజు అడిగినా, లేఅవుట్ అనుమతి అడిగినా, రోడ్డు వేయాలన్నా ఆ మాట ఫైలులో కనిపిస్తుంది. ముందు పురావస్తు శాఖ చూసి రావాల్సి ఉంటుంది. చూశాక కొన్నిటిని కాపాడవచ్చు, కొన్నిటిని శాస్త్రీయంగా తవ్వి రికార్డు చేసి భూమిని వదిలేయవచ్చు. అన్నిటినీ కాపాడటం ఎక్కడా సాధ్యం కాలేదు, బహ్రెయిన్‌లోనూ కాలేదు. ఏది పోతోందో తెలియకుండా పోవడాన్ని మాత్రం ఆపవచ్చు.

దీనికి అడ్డంకి డబ్బు కంటే శాఖల మధ్య గోడలు. రెవెన్యూ దగ్గర మ్యాపులున్నాయి, పురావస్తు శాఖ దగ్గర పాత సర్వే నివేదికలున్నాయి, గనుల శాఖ దగ్గర లీజుల వివరాలున్నాయి, అటవీ శాఖ దగ్గర బీట్ మ్యాపులున్నాయి. మూడో శాఖ లీజు ఇచ్చే ముందు రెండో శాఖ నివేదిక చూసే ఏర్పాటు లేదు. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. సమాధుల కచ్చితమైన స్థానాలు అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెడితే అది గుప్తనిధుల ముఠాలకు దారి చూపినట్టవుతుంది. అధికారులకు పూర్తి వివరం, బయటివారికి ఊరి స్థాయి వివరం అన్న పద్ధతి పెట్టుకోవాలి.

ముడుమాల్ నామినేషన్ ముందుకు కదలాలన్నా మొదట కావాల్సింది ఇదే మ్యాపు. నిలువురాళ్లు, వాటి చుట్టూ ఉన్న చిన్న రాళ్ల వరుసలు, పక్క పట్టాల్లోని వలయాలు ఏ సర్వే నంబరులో ఎక్కడిదాకా ఉన్నాయో తేలితేనే హద్దు గీయగలరు. నారాయణపేటలో ఆ కొలత ఎలా చేస్తారో, అదే పద్ధతిని ములుగుకూ సిద్దిపేటకూ చిత్తూరుకూ తీసుకెళ్లవచ్చు. ఆ జిల్లాల్లో భూమి పటాలు ఖరారయ్యేలోపు చేస్తే దానికి ప్రత్యేక బడ్జెట్ కూడా పెద్దగా అవసరం పడదు.